పచ్చికబీడు – ఊరి హక్కు

దొనకొండ సీమ మెట్టసీమ. దీనికి పడమట నల్లమల, ఉత్తరమున పల్నాడు, దక్షిణమున కనిగిరి ప్రాంతము గలవు. ఇచ్చట వాన తప్పిన యేట కుటుంబమును నిలుపునది మంద. మందను నిలుపునది ఊరి పచ్చిక. కావున యాదవులమైన మనకు పచ్చికబీడు వేడుకతోట గాదు, జీవనాధారము. దానిపై హక్కెవరిదను వివాదము మనకు క్రొత్తదియు గాదు. ఆ చరిత్రమును సంగ్రహముగా విన్నవించుటయే యీ వ్యాసోద్దేశము.

మన కొమ్మువారు పాడు కాటమరాజు కథ 13వ శతాబ్దపు పుల్లరి తగవునకు సంబంధించినదే. కఱవు రాగా కాటమరాజు ఆలమందలతో నెల్లూరి సీమకు దరలెననియు, పచ్చిక మేసినందుకు బుట్టిన కోడెదూడల నిచ్చునట్లు నల్లసిద్ధిరాజుతో నొడంబడిక చేసికొనెననియు, అది చెడి యుద్ధము సంభవించెననియు, అందు ఖడ్గతిక్కన పడిపోయెననియు కథ చెప్పుచున్నది. ఇందు గమనింపదగిన దొకటి గలదు. ఆనాడును పచ్చికకు వెల యుండెను. అయితే ఆ వెల యిరుపక్షములవారును గూడి నిర్ణయించుకొన్నది.

1882లో మద్రాసు అడవుల చట్టము వచ్చిన పిదప ఆ రెండవ పక్షము మాయమైనది. ఒక ప్రదేశమును రిజర్వు అడవిగా జేయదలచినపుడు ప్రభుత్వము ప్రకటన చేయును. హక్కు గలవారు గడువులోపల అర్జీ పెట్టుకొనవలెను. పెట్టుకొనని హక్కు నశించును. తరతరములుగా మేపుకొనుచున్న బీడునకు కాగితమేల యని యూరకున్నవారు, తెల్లవారునప్పటికి తమ బీడుననే పరాయివారైరి. పుల్లరి కట్టినగాని పశువు అడవిలో నడుగు పెట్టరాదు. పెట్టినచో బందెలదొడ్డి తప్పదు.

ఈ బాధకు ప్రతిక్రియ మనకు పొరుగుననున్న పల్నాటియందు 1921లో కనబడెను. పల్నాటి గ్రామస్థులు పుల్లరి కట్టక పశువులను అడవికి దోలిరి. అధికారులకు చాకలి, మంగలి సేవలును, తిండిసామగ్రియు లేకుండ జేసిరి. శ్రీ ఉన్నవ లక్ష్మీనారాయణగారు వారి కష్టములను విచారింపబోయి కారాగారము పాలైరి. మించాలపాటి కన్నెగంటి హనుమంతు పుల్లరి నిరాకరణమునకు నాయకుడై, 1922 ఫిబ్రవరిలో పోలీసుల తుపాకిగుండ్లకు బలియయ్యెను. అదే నెలలో చౌరీచౌరా ఘటనానంతరము గాంధీమహాత్ముడు శాసనోల్లంఘనమును నిలిపివేసెను. పల్నాటి యుద్యమమును అణగిపోయెను.

హనుమంతు మన కులమున బుట్టినవాడు గాడు. అయినను ఆతడు పోరాడినది మన మందలకును వలయు పచ్చిక కొఱకే. చాకలియు, మంగలియు, రైతును, కాపరియు నొక్కటిగా నిలిచినందుననే పల్నాడు ప్రభుత్వమును గలతపెట్టగలిగెను. ఊరి బీడు ఏ యొక్క కులముచేతను నిలువదు. కుల మహాసభ సంచికయందే యీ మాట వ్రాయుట యుక్తమని తలచుచున్నాను.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట శాసనములు కొంత మనవైపునకు దిరిగినవి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము, ప్రభుత్వమునకు వేఱు పనికి అవసరము లేని మేత పోరంబోకులను, కళ్లములను, మందబయళ్లను, తోపులను గ్రామపంచాయతీకి దఖలు పఱచినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము పశువుల మేతను, సంచార కాపరుల రాకపోకలను సామాజిక హక్కులుగా నంగీకరించినది. గిరిజనులు గాని వనవాసులు మాత్రము మూడు తరములు, అనగా 75 సంవత్సరముల నివాసమును జూపవలెను. 2011 జనవరిలో సుప్రీముకోర్టు, జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున, గ్రామ ఉమ్మడి భూముల నాక్రమించినవారిని తొలగింపవలెనని రాష్ట్రముల నాదేశించినది. తాత నాటి పుల్లరి రశీదు ఎవరి పెట్టెనైన నున్నచో దానిని భద్రపఱుపవలెను. ఆనాడు అవమానముగా దోచిన ఆ చీటియే నేడు ఆ కుటుంబము ఆ బీడున మేపుకొనుచుండెననుటకు సాక్ష్యము గాగలదు.

దొనకొండ పేరు రెండవ ప్రపంచయుద్ధ కాలమున విమానాశ్రయముచేతను, 2014లో రాజధాని ప్రసంగముచేతను దూరదేశములందు వినబడెను. ఆ రెండవ సారి పలువురు గొప్పగా జెప్పినది ఇచ్చటి విశాలమైన ప్రభుత్వ భూములను గూర్చియే. కాగితమున ప్రభుత్వ భూమి యని వ్రాయబడిన చోట మంద మేయుచుండవచ్చును. పరిశ్రమలు వచ్చుట మంచిదే. మన బిడ్డలకును పని గావలెను. కాని ఏది మేతబీడో, ఏది బంజరో ముందుగా దేల్చి వ్రాసికొననిచో, 1882లో మన పెద్దలకు గలిగిన గతియే మనకును గలుగును.

కనుక సభ్యులకు నా విన్నపము. 2020 డిసెంబరున నారంభమైన పునస్సర్వేయందు తమ యూరి మేతబీడు ఏ సర్వే నంబరున, ఏ పేర వ్రాయబడినదో ప్రతివారును చూచికొనవలెను. గ్రామసభలో తీర్మానము చేయించి, ప్రతిని దాచుకొనవలెను. వృద్ధుల వాఙ్మూలములను వారుండగనే వ్రాయించి పెట్టుకొనవలెను. ఆక్రమించినవాడు మనవాడైనను, మన మహాసభకు చందా యిచ్చినవాడైనను, విడువుమని చెప్పు ధైర్యము మనకు వలయును. ఆ మాట మన యింట చెప్పలేనివారము కచ్చేరిలో చెప్పజాలము. బీడునకు గట్టు వేయించి, వేప, కానుగ, తుమ్మ మొక్కలు నాటించి, ఊరివారందఱును దానిని తమదిగా గాపాడుకొందురు గాక.