ఆరు వేల తూటాలు, ఒకే పిస్టల్

చెవుల్లో దూది పెట్టుకోండి. మనం 1911 మార్చిలో, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో ఉన్నాం. ఎదురుగా ఉన్న మనిషి పేలుస్తూనే ఉన్నాడు. ఏడు తూటాలు అయిపోగానే పిస్టల్ పైనుండే స్లైడ్ వెనక్కి వెళ్లి నిలబడిపోతుంది. ఖాళీ మ్యాగజైన్ ఊడి చేతిలో పడుతుంది, నిండుది లోపలికి పోతుంది, మళ్లీ ఏడు. గురి తగిలిందా లేదా అన్నది ఇప్పుడు ఎవరికీ పట్టదు. లెక్క రాసేవాడు చూసేది ఒక్కటే: ఎక్కడైనా మొరాయించిందా?

కింద చూసి అడుగు వేయండి, ఖాళీ ఇత్తడి తొడుగులు బూటు కింద దొర్లుతున్నాయి. కాలిన మందు ఘాటు గొంతుకు అడ్డం పడుతోంది. వంద పేలాక కాసేపు ఆపుతారు. వెయ్యికోసారి విప్పి, తుడిచి, నూనె వేస్తారు. మరీ కాలిపోతుంటే నీళ్లలో ముంచి తీసి, మళ్లీ మొదలు. అలా ఒకే పిస్టల్‌తో 6,000. అమెరికా సైన్యానికి కొత్త పిస్టల్‌ను ఎంచే ఈ పరీక్షలో పోటీకి వచ్చిన సావేజ్ కంపెనీ పిస్టల్‌కూ ఇదే శిక్ష.

అదిగో, ఆ పొడుగాటి బట్టతల పెద్దమనిషే జాన్ బ్రౌనింగ్. వయసు 56. యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో తుపాకులు బాగుచేసే తండ్రి దగ్గర పని నేర్చినవాడు. కోల్ట్ కంపెనీ తెచ్చిన పిస్టల్ అతని తలలోంచి పుట్టిందే.

తుడవడానికి విప్పినప్పుడు ఆ బల్ల మీదికి వంగి చూడండి. బ్యారెల్ వీపున అడ్డంగా గట్లు ఉన్నాయి కదా, అవి స్లైడ్ లోపలి గాడుల్లో కూర్చుంటాయి. పేలిన క్షణంలో రెండూ కలిసే వెనక్కి కదులుతాయి. గుండు బయటికి పోయి లోపలి ఒత్తిడి తగ్గేదాకా ఆ పట్టు వదలదు. ఆపైన బ్యారెల్ అడుగునున్న చిన్న లంకె తిరిగి దాన్ని కిందికి లాగుతుంది. స్లైడ్ విడిపోయి ఒంటరిగా వెనక్కి పోతూ ఖాళీ తొడుగును విసిరేస్తుంది, తిరిగి వస్తూ కొత్త తూటాను ఎక్కిస్తుంది. అన్నీ బలమైన, మొద్దు ముక్కలు. విప్పడానికి పనిముట్లు కూడా అక్కర్లేదు. పిడి వెనక చిన్న పలకను అరచేయి నొక్కితే తప్ప ట్రిగ్గర్ పనిచేయదు. గుర్రపు రౌతు ఒక చేత్తో కళ్లెం పట్టుకునే మనిషి. అతని చేజారితే పిస్టల్ దానంతటదే పేలకూడదు. అందుకే ఆ ఏర్పాటు.

తూటా ఎంత లావుండాలన్న గొడవ మాత్రం ఈ గదిలోది కాదు, అది ముందే ముగిసింది. ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులు పాయింట్ 38 రివాల్వర్ దెబ్బ తిని కూడా ఆగకుండా కత్తితో మీదికి వచ్చేవారని సైనికులు మొత్తుకున్నారు. దాంతో ఏనాడో పక్కన పెట్టిన పాయింట్ 45 రివాల్వర్లను సైన్యం మళ్లీ బయటికి తీసింది. 1904లో కెప్టెన్ జాన్ థాంప్సన్, సైనిక వైద్యుడు మేజర్ లాగార్డ్ షికాగో పశువుల కబేళాకు వెళ్లి, బతికున్న పశువులను రకరకాల గుళ్లతో కాల్చి ఏది ఎంతసేపటికి కూలుతుందో చూశారు. మనుషుల శవాలను వేలాడదీసి కాల్చి, దెబ్బకు ఎంత ఊగాయో చూశారు. పాయింట్ 45కు తగ్గకూడదని తేల్చారు. అంటే గుండు బరువు దాదాపు 15 గ్రాములు; పాయింట్ 38ది పదికి లోపే. నన్నడిగితే ఆ పరీక్షలో శాస్త్రం తక్కువ, ముందే కుదిరిన నమ్మకం ఎక్కువ. ఏ పశువు ఎప్పుడు కూలుతుందన్నది గుండు లావు ఒక్కదాని మీద నడిచే సంగతి కాదు, ఎక్కడ తగిలిందన్నదీ ముఖ్యమే. స్ప్రింగ్‌ఫీల్డ్ లెక్క అలాంటిది కాదు. పేలితే పేలినట్టు, ఆగితే ఆగినట్టు.

తూటాలు అయిపోయినంత మాత్రాన పరీక్ష అయిపోలేదు. వంకర పోయిన తూటాలను ఎక్కించి చూస్తున్నారు. ఆమ్లంలో ముంచి తుప్పు పట్టించి పేల్చమంటున్నారు. ఇసుకలో, బురదలో పొర్లించి మళ్లీ పట్టుకోమంటున్నారు. సావేజ్ పిస్టల్ ముప్పైసార్లకు పైగా మొరాయించింది, కొన్ని ముక్కలు విరిగాయి. కోల్ట్ లెక్క పుస్తకంలో ఆ గడి దగ్గర సున్నా.

మార్చి 29న అమెరికా సైన్యం దాన్ని ఖాయం చేసింది. ఎం1911 అన్న పేరు అలా వచ్చింది. 1985లో దాన్ని దించి బెరెట్టా 9 మిల్లీమీటర్ల పిస్టల్‌ను తీసుకున్నారు. పాయింట్ 45 పనికిరాదని తేలి కాదు. నాటో దేశాలన్నీ ఒకే తూటా వాడాలన్నది అందులో పెద్ద కారణం.

ఇక బ్రౌనింగ్. 1926లో బెల్జియంలోని లియేజ్‌లో పోయేనాటికి అతని చేతిలో మరో పిస్టల్ పని సగంలో ఉంది. శిష్యుడు సైవ్ దాన్ని పూర్తి చేస్తే, 1935లో హై పవర్ పేరుతో వచ్చింది. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో దాన్నే పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఎ అని తయారు చేసి మన సైన్యానికి దశాబ్దాల పాటు ఇచ్చారు. అంటే ఆ బట్టతల పెద్దాయన పిస్టల్ మన జవాన్ల నడుముకూ వేలాడింది, పాయింట్ 45తో కాదు, అంతకంటే సన్నటి 9 మిల్లీమీటర్ల తూటాతో.