షేక్ నాజర్: నాటకాల కుర్రాడు, బుర్రకథ పితామహుడు

షేక్ నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. వాళ్లది దూదేకుల కుటుంబం. పత్తి పండే ఈ సీమలో దూది ఏకడం వాళ్ల కులవృత్తి, ఇంట్లో మాట తెలుగు. ‘పింజారి’ అన్న మాటను జనం తిట్టుగా కూడా వాడతారు. నాజర్ తన ఆత్మకథకు అదే పేరు పెట్టుకున్నారు. ఆయన చెబుతుంటే అంగడాల వెంకటరమణమూర్తి రాశారు.

చిన్నప్పుడే నాటకాల్లో చేరి ఆడవేషాలు కట్టారు. హార్మోనియం, సంగీతం నేర్చుకున్నారు. బుర్రకథలో ఆయనకు అక్కరకొచ్చింది ఈ నాటకాల చదువే.

బుర్రకథ ముగ్గురి పని. మధ్యలో కథకుడు భుజాన తంబురా, వేళ్లకు అందెలతో అడుగులేస్తూ పాడతాడు. రెండు పక్కలా డక్కీలు వాయించే వంతలు. వాళ్లలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. గొంతు ఒక్కటే బాగుంటే ఇక్కడ చాలదు. వేషం మార్చకుండానే కథకుడు ఒక్కడే వీరుడు, తల్లి, తెల్లదొర అయిపోవాలి. క్షణంలో ఏడిపించి, మరుక్షణం నవ్వించాలి. నాజర్ గొప్పతనమంతా అక్కడుంది.

1940లలో ఆయన ప్రజానాట్యమండలిలోకి వచ్చారు. అంతకుముందు జంగాలు బతుకుతెరువు కోసం చెప్పుకునే కథారూపం రాజకీయ సభల్లోకి ఎక్కిన రోజులవి. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు ఆయనకు పేరు తెచ్చిన కథలు. పాత వీరుల కథలతోనే ఆగలేదు, బెంగాల్ కరువునూ కథగా కట్టి చెప్పారు. అక్షరం రాని రైతుకూలీకి అదే వార్తాపత్రిక. సర్కారుకు కంటగింపైందీ అందుకే. ఆ దశాబ్దం చివర్లో కమ్యూనిస్టుల మీద నిర్బంధం వచ్చినప్పుడు మండలి ప్రదర్శనలు ఆగిపోయాయి, దళాలు చెదిరిపోయాయి.

తర్వాత సినిమా పిలిచింది. గరికపాటి రాజారావు తీసిన ‘పుట్టిల్లు’ (1953)లో ఆయన బుర్రకథ ఉంది. ‘అగ్గిరాముడు’ (1954)లో చెప్పిన అల్లూరి కథ మాత్రం ఊరూరా మార్మోగింది. అయినా ఆయన మద్రాసులో స్థిరపడలేదు. పల్లె జనం ముందే కథ చెప్పుకుంటూ వచ్చారు, శిష్యులను తయారుచేశారు. నాటకాలూ రాశారు, వాటిలో ‘ఆసామి’ ఒకటి.

1986లో పద్మశ్రీ అందుకున్నారు. 1997 ఫిబ్రవరి 21న కన్నుమూశారు. ఆయన కథ ఎలా చెప్పేవారో ఈ తరం పిల్లలకు చూపించాలంటే ‘అగ్గిరాముడు’లోని ఆ కొద్ది నిమిషాలు పెట్టి చూపించవచ్చు.