ఖర్జూరపు పీచు: ప్రీబయోటిక్ పరీక్షలు

మస్కట్‌కు ఆగ్నేయంగా, ఒమన్ తీరంలో ఉన్న ఖురియాత్ ప్రధానంగా చేపల రేవు. లోపలికి, వాదీ దైఖా పరిసర పల్లెల్లో ఖర్జూర తోటలున్నాయి. 2018 జూన్‌లో ఒక పగలూ రాత్రీ ఖురియాత్‌లో ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల సెల్సియస్ కంటే దిగలేదు. అంతటి వేడిని తట్టుకునే ఈ చెట్టు పండులోని పీచు పేగుల్లోని మేలు చేసే బాక్టీరియాకు ఆహారమవుతుందా అన్నది ప్రయోగశాలలో తేల్చాల్సిన సంగతి.

ప్రీబయోటిక్ భావనను 1995లో గ్లెన్ గిబ్సన్, మార్సెల్ రాబర్‌ఫ్రాయిడ్ ప్రతిపాదించారు. పదార్థం చిన్నపేగులో అరగకూడదు; పెద్దపేగులో కొన్ని రకాల బాక్టీరియాకే ప్రత్యేకంగా అక్కరకు రావాలి; దానివల్ల మనిషి ఆరోగ్యానికి మేలు జరగాలి. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఇన్యులిన్ ఈ మూడింటికీ నిలిచింది. ప్రతి పీచూ నిలవదు.

ఖర్జూరంతో అసలు చిక్కు చక్కెరే. ఎండు పండులో సగానికి పైగా గ్లూకోజు, ఫ్రక్టోజు వంటి చక్కెరలే. గుజ్జును నేరుగా పోషక ద్రావణంలో కలిపితే బాక్టీరియా ఆ చక్కెరను తిని పెరుగుతాయి, పేరు మాత్రం పీచుకు దక్కుతుంది. అందుకే ముందు లాలాజలం, జీర్ణాశయం, చిన్నపేగు రసాలను పోలిన ఎంజైములతో గుజ్జును అరిగించి, విడివడిన చక్కెరలను తీసేయాలి. మిగిలిన పీచును గ్లూకోజు లేని ద్రావణంలో, మేలు చేసే బైఫిడోబాక్టీరియాకు పెడతారు. పోలికకు పక్కనే ఇ.కోలై బాక్టీరియాకీ పెడతారు. రెండూ సమానంగా పెరిగితే ఆ పీచుకు ఎంపిక గుణం లేనట్టే.

తర్వాతి మెట్టులో, ఈమధ్య యాంటీబయోటిక్స్ వాడని వారి మలాన్ని ద్రావణంగా చేసి, ఆక్సిజన్ చొరని పాత్రలో 37 డిగ్రీల వద్ద, ఆమ్లత్వం మారకుండా పులియబెడతారు. పీచు వేయని పాత్ర ఒకటి, ఇన్యులిన్ వేసినది ఒకటి పోలికకు ఉండాలి. జన్యు పరీక్షతో ఏ జాతి ఎంత ఉందో, గ్యాస్ క్రొమటోగ్రఫీతో ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లాలు ఎంత తయారయ్యాయో కొలుస్తారు. ఇక్కడ శాతాలను గుడ్డిగా నమ్మకూడదు: మిగతా జాతులు చచ్చినా బైఫిడో వాటా పెరిగినట్టే కనిపిస్తుంది. పైగా పాత్రలో ఈ ఆమ్లాలు పోగుపడతాయి, పేగులోనైతే గోడ వాటిని చాలావరకు పీల్చుకుంటుంది.

పాత్రలో కాక మనిషి పేగులో ఏం జరుగుతుందో 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. 22 మంది ఆరోగ్యవంతులు రోజుకు ఏడు ఖర్జూరాల చొప్పున 21 రోజులు తిన్నారు. పరిశీలించిన బాక్టీరియా వర్గాల్లో గాని, ఆ ఆమ్లాల్లో గాని చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. మలవిసర్జన మాత్రం మరింత తరచుగా జరిగింది, మలంలో అమ్మోనియా తగ్గింది. మేలు ఉన్నంతమాత్రాన దాన్ని ప్రీబయోటిక్ ఖాతాలో వేయలేం.

ఇక గింజల సంగతి: ఒమన్ ఖర్జూర రకాలైన మబ్సలీ, ఉమ్‌సిల్లా, షహల్ గింజలను విశ్లేషిస్తే 100 గ్రాములకు సుమారు 78 నుంచి 80 గ్రాముల పీచు తేలింది. అంకె ఊరిస్తుంది గాని, అందులో ఎక్కువ భాగం నీటిలో కరగదు. గింజలోని మన్నన్ అనే పీచును ఎంజైములతో చిన్న గొలుసులుగా తుంచితే బాక్టీరియాకు అందుతుంది. అలా తయారైనది కొత్త పదార్థమే కనుక దాని పరీక్ష మళ్లీ మొదటి నుంచి మొదలవ్వాలి.