జిల్లా పత్రిక: నాడు, నేడు

నడిగూడెం కోట పేరు చెప్పగానే చరిత్ర తెలిసినవారికి ఇద్దరు స్ఫురణకు వస్తారు: మునగాల జమీందారు రాజా నాయని వేంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. మునగాల పరగణా ఆనాడు బ్రిటిషు పాలనలోని కృష్ణాజిల్లాకు చెందినది. చుట్టూ నిజాం రాజ్యం. పొలిమేర దాటితే ప్రభుత్వమూ మారేది, చట్టమూ మారేది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పినవారిలో ఈ ఇరువురూ ముఖ్యులు. గ్రంథాలయం చదువరిని తయారు చేసినది. చదువరికి తన సీమ వార్త తన భాషలోనే కావాలన్న కోరిక కలుగుట సహజమే గదా!

తెలంగాణంలో ఆ కోరిక తీరుటకు ఇరువది యేండ్లు పట్టినది. సభ జరుపుకొనుటకు సైతం సర్కారు అనుమతి కావలసిన కాలమది. 1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వేంకట రామనరసింహారావు 'నీలగిరి' వారపత్రికను ప్రారంభించినారు. ఆ యేడే ఓరుగల్లు ప్రాంతపు ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 'తెనుగు' పత్రికను వెలువరించినారు. ఇనుగుర్తి పట్టణం కాదు, ఒక పల్లె. అక్కడ ముద్రణాలయం! వ్రాసేదీ, అచ్చు కూర్చేదీ ఆ అన్నదమ్ములే. ఈ రెండు పత్రికలూ కొద్ది సంవత్సరాలే నడిచినవి. కానీ 1926లో సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదున 'గోలకొండ పత్రిక' ఆరంభించేనాటికి, పత్రిక కొరకు ఎదురుచూచే పాఠకులు ఏర్పడి ఉన్నారు.

ఆ తరువాత దినపత్రికలు పెద్ద నగరాలలో పెరిగినవి. పల్లెలో ప్రమాదమో, మంత్రిగారి రాకయో జరిగితే తప్ప వాటిలో దానికి చోటు దొరకేది కాదు. 1989లో 'ఈనాడు' జిల్లాకొక అనుబంధం వేయసాగినది. తక్కిన పత్రికలు ఆ బాటనే పట్టినవి. మండలానికొక విలేకరి వచ్చినాడు. వార్తలను కవరులో పెట్టి సాయంకాలపు బస్సులో పంపేవాడు. అతనికి ముట్టేది స్వల్పం. పైగా ప్రకటనలు తెచ్చే భారమూ అతని నెత్తిననే పడేది. ఆ పద్ధతి మంచిదని నేననను. అయినా సాగర్ ఎడమకాలువ నీరు చివరి పొలానికి చేరలేదన్న మాట అచ్చయినది ఆ పుటలోనే.

2016 తరువాత ఫోనులో అంతర్జాలం కారుచౌక అయినది. దుకాణదారు, విద్యాలయం, పుట్టినరోజు శుభాకాంక్షలు పంపే నాయకుడు, వీరి ప్రకటనలే జిల్లా పుటకు ప్రాణవాయువు. అవి ఫోనుకు తరలినవి. 2020లో లాక్‌డౌన్ వచ్చేసరికి పలు పత్రికలు జిల్లా అనుబంధాలను కుదించి ప్రధాన సంచికలో కలిపినవి. తదుపరి కాగితం ధర పెరిగినది.

వార్త ఆగలేదు, నిజానికి ముందుకన్న త్వరగా వస్తున్నది. కొరత మరొకచోట ఉన్నది. గ్రంథాలయాలకు పుస్తకాలు అందజేయవలెనన్న 1954 నాటి కేంద్రచట్టాన్ని 1956లో సవరించి, పత్రికలకూ వర్తింపజేసినారు. ఫోనులో చేతులు మారే వార్తకు ఏ గ్రంథాలయమూ లేదు. విచిత్రమేమంటే, ఉమ్మడి రాష్ట్రపు ప్రెస్ అకాడమీ 'ఆంధ్రపత్రిక' వంటి పాత సంచికలను అంతర్జాలంలోనే ఉంచినది. శతాబ్దం కిందటి మదరాసు వార్త ఇంట కూర్చుండి చదువవచ్చును.

మరి నిరుడు కాలువ నీరు నడిగూడెం పొలాలకు ఏనాడు వచ్చినదో తెలుసుకొనగోరే రైతు ఎక్కడ వెదకవలె? పాత యేండ్లకైతే జిల్లా పుటల బైండును ఏ గ్రంథాలయమైనా దాచి ఉంచిన పక్షమున అందులో తేదీతో సహా దొరుకుతుంది. నిరుటి సంగతి కొరకు ఆయన తన ఫోనులోనే వెదకుకొనవలె, అదీ ఈలోగా ఫోను మార్చి ఉండకపోతే.