చికున్‌గున్యా వ్యాప్తి - ప్రయాణాలపై నిఘా

చికున్‌గున్యా దోమకాటు వలన సంక్రమించే ఒక వైరస్ వ్యాధి. తీవ్రమైన జ్వరము, కీళ్ళనొప్పులు దీని ముఖ్య లక్షణాలు. నొప్పితో వంగిపోవడాన్ని సూచించే మకొండే భాషాపదం నుండి ఈ పేరు వచ్చినది. పగటిపూట కుట్టే ఏడిస్ దోమలు దీనిని వ్యాపింపజేస్తాయి. ఈ దోమలు సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి ఎగరవు. వైరస్‌ను దూరప్రాంతాలకు చేర్చేది ప్రధానంగా వ్యాధి సోకిన ప్రయాణికులే.

చరిత్ర

ఈ వ్యాధిని మొదట 1952లో నేటి టాంజానియాలో గుర్తించారు. భారతదేశంలో 1963లో కలకత్తాలోను, 1965లో విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి పట్టణాలలోను ప్రబలినది. 1973 తరువాత మూడు దశాబ్దాలపాటు పెద్దగా కనిపించలేదు. 2005 చివరిలో ఆంధ్ర ప్రదేశ్‌లో మరల తలెత్తి, 2006లో దేశమంతటా సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులకు దారితీసినది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షలలో ఇది 1960లనాటి ఆసియా రకం కాక, ఆఫ్రికా రకమని తేలినది. అనగా పాత వైరస్ తిరగబెట్టలేదు, వేరొక రకం ప్రవేశించినది. 2007లో కేరళ నుండి ఇటలీ వెళ్ళిన ఒక ప్రయాణికుని ద్వారా రావెన్నా ప్రాంతంలో 200 మందికి పైగా వ్యాధి సోకినది.

నిఘా విధానం

దోమ కుట్టిన తరువాత లక్షణాలు బయటపడుటకు సాధారణంగా 3 నుండి 7 రోజులు పడుతుంది. ఈ వ్యవధిలో ప్రయాణించేవారికి జ్వరం ఉండదు కనుక విమానాశ్రయంలో ఉష్ణోగ్రత పరీక్ష ఒక్కటే చాలదు. రోగి గత రెండు వారాలలో ఎక్కడెక్కడ తిరిగినదీ వైద్యుడు అడిగి నమోదు చేయవలెను. మొదటి ఐదు రోజులలో ఆర్‌టీ-పీసీఆర్ ద్వారా వైరస్‌ను, ఆ తరువాత ఐజీఎం పరీక్ష ద్వారా ప్రతిరక్షకాలను గుర్తిస్తారు. వ్యాధి నిర్ధారణ అయితే రోగి ఇంటి పరిసరాలలో దోమ లార్వాల కొరకు వెదకుతారు. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం విమానాశ్రయాల చుట్టూ కనీసం 400 మీటర్ల వరకు దోమల నియంత్రణ జరగవలెను.

మధురానగర్ పరిసరాలు

హైదరాబాదులోని మధురానగర్, అమీర్‌పేట ప్రాంతాలలో శిక్షణా సంస్థలు, హాస్టళ్ళు అధికము. వివిధ జిల్లాల విద్యార్థులు ఇక్కడినుండి స్వస్థలాలకు రాకపోకలు సాగిస్తుంటారు. సమీపంలోని బేగంపేట విమానాశ్రయం 2008 మార్చి వరకు నగరానికి ప్రధాన విమానాశ్రయము. ఇటువంటి చోట నీటి తొట్లు, కూలర్లు, పూలకుండీల పళ్ళేలలో నిలిచిన నీటిని వారానికొకసారి పారబోయడం అవసరము. జ్వరం వచ్చిన మొదటి వారం రోగి పగలు కూడా దోమతెరలో ఉన్నచో, అతని నుండి దోమకు, దోమ నుండి ఇతరులకు సాగే గొలుసు తెగిపోతుంది.