జడ్జిగారిని ఏమని పిలవాలి?



ఆ మధ్య ప్రహరీగోడ తగాదాలో మా అత్తగారు సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. కోర్టు గడప తొక్కడం ఆవిడకు అదే మొదలు. గోడ ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అన్నదంతా ఆవిడకు కంఠతా వచ్చు. బెంగల్లా ఒక్కటే. "జడ్జిగారిని ఏమని పిలవాలే అమ్మాయ్?" అని. సినిమాల్లో చూసిన "యువరానర్" అనే మాటను వంటింట్లో వల్లె వేసుకునేవారు. తీరా బోనెక్కి తలెత్తి చూస్తే కుర్చీలో ఉన్నది ఆడమనిషి! ఆ కంగారులో "అమ్మా" అనేశారు. జడ్జిగారు "చెప్పండి" అన్నారు, అంతే. కానీ ఇంటికొచ్చాక అత్తగారికి నిద్ర పట్టలేదు, తప్పుమాట అన్నానేమోనని. ఆవిడ కోసమే నేను ఈ విషయం కొంచెం తిరగేశాను.

ఈ "మై లార్డ్" అన్నది ఇంగ్లండు నుంచి కోర్టులతో పాటే ఓడెక్కి వచ్చింది. అక్కడ హైకోర్టు జడ్జిని అలా పిలవడం ఆనవాయితీ. ఆయన ప్రభువుల వంశంలో పుట్టి ఉండనక్కరలేదు, పిలుపు మాత్రం ప్రభువుదే. కింది కోర్టులో అయితే "యువరానర్". 1862లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో హైకోర్టులు పెట్టారు. 1954లో గుంటూరుకు హైకోర్టు వచ్చేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాల వాళ్ళ పెద్ద వ్యాజ్యాలన్నీ మద్రాసుకే పోయేవి. ఆ రోజుల్లో మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? మామూలు ఉత్తరం మీద కూడా "మహారాజరాజశ్రీ" అని రాసేవారు కదా!

చిక్కల్లా ఆ కుర్చీలో ఆడవాళ్ళు కూర్చోవడంతో వచ్చింది. 1959లో అన్నా చాందీ గారు కేరళలో హైకోర్టు జడ్జి అయ్యారు. మన దేశంలో ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆవిడే. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు 1978లో జస్టిస్ అమరేశ్వరి గారు వచ్చారు. ఇంగ్లండులో తమాషా చూడండి. 1988లో ఎలిజబెత్ బట్లర్-స్లాస్ అనే ఆవిడ అప్పీలు కోర్టు జడ్జి అయ్యారు. చట్టంలో ఆ పదవి పేరు "లార్డ్ జస్టిస్" అని ఉంది గనుక ఆవిడా లార్డే! "లేడీ జస్టిస్" అని పిలవమని 1994లో ఉత్తర్వు ఇచ్చారు. చట్టంలో అక్షరం మారేసరికి 2003 అయింది. ఒక్క మాట దిద్దడానికి పదిహేనేళ్ళు! మన ఇంట్లో పాలవాడి లెక్కలో తప్పొస్తే అంతసేపు ఊరుకుంటామా?

మన దగ్గరా అంతే. 2022లో ఢిల్లీ హైకోర్టులో ఒక వకీలు జస్టిస్ రేఖా పల్లి గారిని పదే పదే "సార్" అంటుంటే, తాను సార్‌ను కానని ఆవిడ చెప్పవలసి వచ్చింది. మీరు కూర్చున్న కుర్చీని బట్టి అలా అన్నానని ఆయన సర్దుకోబోయాడు. ఇన్నాళ్ళ తర్వాత కూడా ఆ కుర్చీ సార్‌లదే అనుకుంటే అది మరీ అన్యాయమన్నారు ఆవిడ. ఈ మాట నాకు బాగా నచ్చింది.

ఇంతకూ పద్ధతి ఏమిటంటారా? 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వారు ప్లీడర్ల కోసం ఒక నిబంధన చేశారు. "మై లార్డ్" వలస పాలన మిగిల్చిపోయిన మాట అన్నారు. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో "యువరానర్" అనవచ్చు. కింది కోర్టుల్లో "సార్" అనవచ్చు, లేదా ప్రాంతీయ భాషలో దానికి సరిపోయే మాట ఏదైనా అనవచ్చు. 2014లో సుప్రీంకోర్టు కూడా "మై లార్డ్" తప్పనిసరి కాదని, గౌరవంగా సంబోధిస్తే చాలునని చెప్పింది. అయినా అలవాటు అంత తొందరగా పోతుందా! 2021లో ఒక లా విద్యార్థి "యువరానర్" అంటే, మాది అమెరికా సుప్రీంకోర్టు కాదు కదా అన్న ధోరణిలో ప్రధాన న్యాయమూర్తే అభ్యంతరం చెప్పారు.

ఈ నిబంధన చదివి అత్తగారికి వినిపించాను. ప్రాంతీయ భాషలో సరిపోయే మాట అన్నచోట ఆపించి, మళ్ళీ చదవమన్నారు.

"అయితే నేనన్నది రూలు ప్రకారమేనన్నమాట" అని, ఆ పూట రెండోసారి కాఫీ పెట్టించుకుని తాగారు.