కొండ దిగడానికి పుట్టిన సైకిల్

ముందు చక్రానికి మాత్రమే షాకబ్జర్లు ఉండి, వెనుక చక్రం నేరుగా ఫ్రేముకే బిగించి ఉన్న మౌంటెన్ బైక్‌ను హార్డ్‌టెయిల్ అంటారు. రాళ్లూ, చెట్ల వేళ్లూ నిండిన ఇరుకు కొండబాటల కోసం నేడు తయారవుతున్న హార్డ్‌టెయిల్‌కు సాధారణంగా 29 అంగుళాల చక్రాలు, రెండున్నర అంగుళాలకు అటూ ఇటూ వెడల్పున్న టైర్లు, 120 నుంచి 140 మిల్లీమీటర్ల దాకా కుంగి లేచే ఫోర్కు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఉంటాయి. పెడళ్ల దగ్గర ఒకే పళ్లచక్రం, వెనుక పన్నెండు. సవారీ చేస్తుండగానే మీట నొక్కితే సీటు కిందికి దిగుతుంది. వీటిలో ఏదీ సోకు కోసం చేరింది కాదు. ఒక్కొక్క భాగం వెనుకా ఎవరో ఒకరు కొండ దిగుతూ పడిన ఇబ్బంది ఉంది. ఆ ఇబ్బందుల్లో చాలావాటిని 1970లలోనే చవిచూసినవాళ్లు అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మారిన్ కౌంటీ కుర్రకారు.

వాళ్ల చేతికి దొరికిన సైకిళ్లు అప్పటికే ముసలివి. షికాగోలోని ష్విన్ కంపెనీ 1933లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, రెండంగుళాలు దాటిన వెడల్పుతో బెలూన్ టైర్ల సైకిల్ తెచ్చింది. అది బడిపిల్లలూ, పేపర్లు వేసే కుర్రాళ్లూ ఎంత మోటుగా వాడినా తట్టుకునే బండి. బరువెక్కువ, గేరు ఒక్కటే, బ్రేకు కావాలంటే పెడలు వెనక్కి తొక్కాలి. మూడు దశాబ్దాలు గడిచేసరికి ఆ తరం సైకిళ్లు పాత సామాన్ల కొట్లకు చేరాయి. జో బ్రీజ్ అనే యువకుడు 1973లో 1941 నాటి ష్విన్‌ను 5 డాలర్లకు కొన్నాడు. లార్క్‌స్పర్ అనే చిన్న ఊరి కుర్రాళ్లు అంతకుముందే ఇలాంటి సైకిళ్లకు మడ్‌గార్డులు, స్టాండు, చైను కవరు ఊడదీసి 2,571 అడుగుల టమల్పాయిస్ పర్వతం మీది మట్టిదారుల్లో దొర్లించుకొస్తున్నారు. బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, ఓటిస్ గై మాత్రం రోడ్డు పందేల క్లబ్బు నుంచి వచ్చినవాళ్లు. సన్నటి టైర్ల మీద ఏళ్ల తరబడి శిక్షణ పొందిన ఆ పందెగాళ్లకు ఈ మోటు బండి మీద కొండ దిగడంలోనే అసలు ఆనందం కనిపించింది.

ఎవరు అందరికన్నా వేగంగా దిగుతారో తేల్చుకోవడానికి 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి పక్కన పైన్ మౌంటెన్ మీద తొలి పోటీ పెట్టుకున్నారు. సుమారు రెండు మైళ్ల దూరంలో 1,300 అడుగుల దిగుడు అది. అడవి మంటలార్పే బండ్ల కోసం వేసిన మట్టిదారి. నిర్వహణ చార్లీ కెల్లీది. ఒక అలారం గడియారాన్నీ, ఒక నౌకాదళ గడియారాన్నీ కలిపి పెట్టి, ఒకటి కొండ మీదా మరొకటి కిందా ఉంచి లెక్క చూశారు. ఆ రోజు గెలిచింది అలన్ బాండ్స్. తర్వాతి పోటీల్లో ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో, బ్రీజ్ 4 నిమిషాల 24 సెకన్లలో దిగారు. ఆ దారిలో పోటీపడిన అతి కొద్దిమంది స్త్రీలలో వెండీ క్రాగ్ ఒకరు. ఆమె తీసిన ఫోటోలు లేకపోతే ఈ చరిత్రలో సగం నోటిమాటగానే మిగిలేది.

ఆ దారికి రీప్యాక్ అన్న పేరు బ్రేకు వల్ల వచ్చింది. వెనక్కి తొక్కితే పడే బ్రేకు, వెనుక చక్రం హబ్బులో గ్రీజు మధ్య ఉంటుంది. సైకిలూ మనిషీ కలిసి 100 కిలోలనుకుంటే, 1,300 అడుగులు దిగేటప్పుడు వెలువడే శక్తి దాదాపు 4 లక్షల జౌళ్లు. ఒక లీటరు చన్నీళ్లను మరిగించడానికి అది చాలు. గాలికీ, మట్టికీ కొంత పోయినా మిగతా వేడంతా గుప్పెడంత హబ్బులోకే చేరేది. గ్రీజు పొగలై పోయేది. ఒక్కసారి దిగాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరితే, అంటే రీప్యాక్ చేస్తే తప్ప రెండోసారి దిగడానికి వీల్లేదు. నేటి డిస్క్ బ్రేకు ఈ సమస్యకే జవాబు. వేడెక్కే పలుచటి ఉక్కు పళ్లెం గాలిలో తిరుగుతూ చల్లబడుతుంది. మీటలోని బలాన్ని తీగకు బదులు నూనె మోస్తుంది కాబట్టి ఒక వేలితో బ్రేకు పడుతుంది. రిమ్మును పట్టే రబ్బరు బ్రేకుల్లా బురదకూ, వంకరపోయిన చక్రానికీ అది లొంగదు.

ఒకే గేరున్న ఆ బరువైన సైకిల్‌ను తోసుకుంటూ కొండ ఎక్కడం ఎవరికైనా విసుగే. 1974 డిసెంబరులో మారిన్‌లో జరిగిన ఒక సైక్లోక్రాస్ పందేనికి కూపర్టినో నుంచి వచ్చిన కొందరు యువకులు బెలూన్ టైర్ల సైకిళ్లకే గేర్లు బిగించుకుని కనిపించారు. ఫిషర్ కూడా తన పాత ష్విన్‌కు గేర్లు, డ్రమ్ బ్రేకులు, మోటారుసైకిల్ బ్రేకు మీటలు తగిలించాడు. ఎక్కనూ దిగనూ పనికొచ్చే సైకిల్ అప్పుడు సాధ్యమైంది. కొండల్లో సైకిల్ తొక్కినవాళ్లు అంతకుముందు లేరని కాదు. 1950లలో పారిస్ పరిసరాల్లో ఒక బృందం ఇలాంటి ప్రయోగాలే చేసింది. అవి అక్కడితో ఆగిపోయాయి. నేటి మౌంటెన్ బైక్ వంశవృక్షం మాత్రం తెగకుండా మారిన్ దాకా పోతుంది.

నలభై ఏళ్ల నాటి ఫ్రేములు ఆ దెబ్బలకు విరగడం మొదలైంది. అప్పుడు బ్రీజ్ 1977లో క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు గొట్టాలతో ఈ పనికే ప్రత్యేకంగా ఒక ఫ్రేము అతికాడు. దానికి రెండు వైపులా పొడవునా అదనపు సన్న గొట్టాలు వేశాడు. వేరే వాటి నుంచి ఊడదీసిన పాత భాగాలు లేకుండా, అన్నీ కొత్తవే పెట్టాడు. 1978 నాటికి అలాంటివి పది తయారయ్యాయి. మొదటిది ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి మౌంటెన్‌బైక్స్ పేరుతో వ్యాపారం పెట్టి, పాలో ఆల్టోకు చెందిన టామ్ రిచీ చేసిన ఫ్రేములకు భాగాలు బిగించి అమ్మారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపాన్‌లో తయారు చేయించిన స్టంప్‌జంపర్ వచ్చాక ఇది చేతిపని దశ దాటి కర్మాగారానికి చేరింది. దాని ధర 750 డాలర్లు. సామాన్యుడికి చవకేమీ కాదు గానీ, దుకాణంలోకి వెళ్లి కొనుక్కోగలిగే వస్తువైంది.

ఆ తర్వాతి పదిహేనేళ్లు ఈ సైకిల్ దారి తప్పిన కాలమనే చెప్పాలి. మౌంటెన్ బైక్ పందేలు పెరిగాయి. 1990లో కొలరాడోలోని డురాంగోలో తొలి అధికారిక ప్రపంచ పోటీలు జరిగాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో క్రాస్‌కంట్రీ పందెం చేరింది. ఆ పందేల్లో కొండ ఎక్కేటప్పుడు మిగుల్చుకున్న సెకన్లకే విలువెక్కువ. దాంతో తయారీదారులు రోడ్డు సైకిల్ కొలతల వైపు జరిగారు. నేలతో ఫోర్కు చేసే కోణం 71 డిగ్రీల దాకా నిటారైంది. హ్యాండిల్ ఇరుకైంది, దాన్ని పట్టి ఉంచే స్టెమ్ బారెడైంది. మనిషి బరువంతా ముందు చక్రం మీదికి వాలింది. ఎక్కడానికి బాగుండేది. ఏటవాలు దిగుడులో రాయి తగిలితే మాత్రం సవారీదారు హ్యాండిల్ మీదుగా ముందుకు పల్టీ కొట్టేవాడు. రీప్యాక్ దారి నేర్పిన పాఠం ఆ పదిహేనేళ్లూ పక్కకు పోయింది.

1989లో రాక్‌షాక్స్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన ఆర్ఎస్-1 ఫోర్కు రెండంగుళాలకు కాస్త తక్కువగా కుంగేది. చేతులకు ఊరట దొరికింది, ముందు చక్రం నేలను వదలకుండా ఉండసాగింది. వెనుక చక్రానికి కూడా షాకబ్జర్లు వచ్చాక నిలువు దిగుళ్లన్నీ ఆ సైకిళ్ల సొంతమయ్యాయి. హార్డ్‌టెయిల్ అంటే ఒలింపిక్ స్థాయి పందెగాళ్లదో, చవక బండి కొనేవాళ్లదో అన్నట్టు మిగిలింది.

దాన్ని మళ్లీ బాటకు తెచ్చిన మార్పులు ఒక్కసారిగా రాలేదు. డిస్క్ బ్రేకులు అందుబాటులోకి వచ్చాయి. 1998 ప్రాంతంలో గ్యారీ ఫిషర్ పేరుతో వచ్చిన సైకిళ్లు పై గొట్టాన్ని పొడిగించి స్టెమ్‌ను కురచ చేశాయి. 1999లో వైల్డర్‌నెస్ ట్రయిల్ బైక్స్ కంపెనీ 29 అంగుళాల చక్రానికి మట్టిబాట టైరు తెచ్చింది. పాత 26 అంగుళాల చక్రం రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లయితే దీనిది 622. పెద్ద చక్రం అదే రాయిని తక్కువ కోణంలో ఢీకొంటుంది, సులువుగా దాటిపోతుంది. వెనుక షాకబ్జర్ లేని సైకిల్‌కు ఈ మేలు ఎంత విలువైనదో తొక్కినవాళ్లకే తెలుస్తుంది. అదే ఏడాది మావిక్ కంపెనీ ట్యూబు లేని టైర్ల పద్ధతి తెచ్చింది. రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి చిరగడానికి ట్యూబే లేదు కాబట్టి గాలి తగ్గించుకుని నడపవచ్చు. హార్డ్‌టెయిల్ వెనుక భాగానికి ఉన్న ప్రధానమైన మెత్తదనం టైరులోని గాలే.

దిగేటప్పుడు సీటు అడ్డు రాకుండా కిందికి దించే ఆలోచన కూడా మారిన్‌దే. జో బ్రీజ్, జాష్ ఏంజెల్ కలిసి 1984లో హైట్-రైట్ అనే స్ప్రింగు తయారు చేశారు. సీటు గొట్టం బిగింపు వదులు చేసి కూర్చుంటే సీటు దిగేది, లేస్తే స్ప్రింగు పైకి లేపేది. పందేల జోరులో అది మరుగున పడింది. 2000 తర్వాత డ్రాపర్ పోస్టుగా, హ్యాండిల్ మీది మీటతో, మళ్లీ వచ్చింది. నేటి హార్డ్‌టెయిల్‌లో మనిషికి ధైర్యమిచ్చే భాగం ఏదంటే మొదట దీన్నే చెప్పాలి.

గేర్ల సంఖ్య మాత్రం పెరిగి తగ్గింది. ముందు మూడు, వెనుక పది కలిపి 30 దాకా పోయాక, 2012లో స్రామ్ కంపెనీ ముందు ఒకే పళ్లచక్రం పెట్టింది. ఒక పన్ను లావు, పక్కది సన్నం చొప్పున కోసినందువల్ల ఎగుడుదిగుళ్లలో చైను జారదు. 2016లో అదే కంపెనీ వెనుక పన్నెండు పళ్లచక్రాలు, 10 నుంచి 50 పళ్లు ఇచ్చింది. ముందు 30 పళ్లుంటే, పెడలు ఒక చుట్టు తిప్పినప్పుడు వెనుక చక్రం మొదటి గేరులో చుట్టులో ఆరు పదోవంతులు, చివరి గేరులో మూడు చుట్లు తిరుగుతుంది. నిట్టనిలువు ఎక్కుడుకైనా, చదును నేలకైనా అది చాలు.

అన్నిటికన్నా లోతైన మార్పు ఫ్రేము కొలతల్లో జరిగింది. ఫోర్కు కోణం 71 డిగ్రీల నుంచి 65 దగ్గరికి వాలింది. సీటు గొట్టం నిటారైంది, ఫ్రేము పొడవు పెరిగింది, హ్యాండిల్ వెడల్పైంది. ఇక్కడ హార్డ్‌టెయిల్‌కు తనదైన లెక్క ఒకటుంది. రెండు చక్రాలకూ షాకబ్జర్లున్న సైకిల్ మనిషి ఎక్కగానే ముందూ వెనుకా కలిసి కుంగుతుంది. హార్డ్‌టెయిల్‌లో ముందు మాత్రమే కుంగుతుంది. చక్రాల మధ్య 1,200 మిల్లీమీటర్ల దూరముంటే, ఫోర్కు 20 మిల్లీమీటర్లు కుంగినప్పుడల్లా కోణం సుమారు ఒక డిగ్రీ నిటారవుతుంది. అందుకే ఫ్రేము గీసేవాళ్లు ఆ డిగ్రీలను ముందే వదిలిపెట్టి గీస్తారు. మరీ పొడవుగా కుంగే ఫోర్కు హార్డ్‌టెయిల్‌కు నప్పకపోవడానికీ కారణమిదే.

వెనుక కీళ్లు, బేరింగులు, షాకబ్జర్ లేవు కాబట్టి బరువు తక్కువ, ఖర్చు తక్కువ, వర్షాకాలం బురదలో పాడయ్యేవి తక్కువ. తొక్కిన బలంలో స్ప్రింగు మింగేది లేదు. ప్రతిగా, వెనుక చక్రానికి తగిలే ప్రతి రాయినీ మోకాళ్లు, నడుము ఓర్చుకోవాలి. సీటు మీద నుంచి లేచి, మోకాళ్లు కొద్దిగా వంచి, ఏ రాయి పక్కగా పోవాలో ముందే చూసుకోవాలి. బాట మీద సైకిల్ నడపడం నేర్చుకోవడానికి ఇంతకు మించిన గురువు లేదు.

మన ఊళ్లలో గేర్ సైకిళ్లుగా అమ్ముడుపోయే వాటిలో ఎక్కువ భాగం ఆకారానికి హార్డ్‌టెయిళ్లే. కొండబాటకు పనికొస్తాయా లేదా అన్నది స్టిక్కరు మీది గేర్ల సంఖ్య చెప్పదు. కొనేవాళ్లు ముందు బ్రేకులు, తర్వాత టైర్లు, ఆ తర్వాత తమ ఎత్తుకు సరిపోయే ఫ్రేము చూసుకోవాలి. వీటికి డబ్బు చాలక చవక స్ప్రింగు ఫోర్కు దగ్గర రాజీ పడాల్సి వస్తే, కుంగని గట్టి ఫోర్కున్న సైకిల్ కొనుక్కోవడమే మేలు.